కాలేజీ ప్రదర్శనలో మామ్మ నూలు పెడుతున్నాం, మూడు నిమిషాల్లో ఏం చెప్పాలి?

పొందూరు_పిల్ల:

అందరికీ నమస్తే. నేను శ్రీకాకుళంలో బీఎస్సీ మూడో సంవత్సరం, మాది పొందూరు. వచ్చే నెల మా కాలేజీలో విద్యార్థులు చేసిన పరిశోధనలూ, రాసినవీ గీసినవీ తీసినవీ అన్నీ కలిపి ఒకే హాల్లో పెడుతున్నారు. జట్టుకి ఒక బల్ల, దాని వెనక ఒక పోస్టరు. జడ్జీలు వచ్చినప్పుడు మూడు నిమిషాలు మనం మాట్లాడాలి, తర్వాత రెండు నిమిషాలు వాళ్లు ప్రశ్నలడుగుతారు. నేను నలుగురి ముందు నిలబడి మాట్లాడింది ఆరో తరగతిలో ప్రతిజ్ఞ చెప్పడమే, అదీ మధ్యలో మర్చిపోయాను. అందుకని ఇప్పట్నుంచే టెన్షన్.

మా పని సంగతి చెప్తాను. మా మామ్మ పెళ్లై ఈ ఊరు వచ్చినప్పట్నుంచీ నూలు వడుకుతోంది. పొందూరు ఖద్దరు గురించి తెలిసినవాళ్లకి తెలుసు, ఇక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. దవడకి సన్నటి పళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, గింజతో ఉన్న పత్తిని ఒక చేత్తో పట్టుకుని దాంతో గీస్తుంటే చెత్తా పొట్టి పోగులూ పళ్లకి చిక్కుకుంటాయి, మిగిలిన పత్తి గింజ చుట్టూ కుచ్చులా నిలబడుతుంది. ఆ తర్వాత గింజ తీయడం, విల్లుతో ఏకడం (అంటే దూదిని విడదీసి పొంగించడం), ఆ దూదిని సన్నటి కడ్డీల్లా ఏకులు చుట్టడం, వాటిని ఎండిన అరటి డొప్పలో పెట్టుకుని రాట్నం మీద వడకడం. మొదటి సంవత్సరం అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని 180 గంటలు చేయించారు కదా, అప్పుడు మా వీధిలో వడికేవాళ్ల దగ్గర కూర్చుని ఏ పనికి ఎంతసేపు పడుతోందో రాసుకున్నాను. ఆ నోట్సుతోనే ఇదంతా మొదలైంది.

ఇప్పుడు చేసింది ఏంటంటే, మామ్మ చేత రెండు రకాలుగా వడికించాను. ఒకటి దవడతో దువ్విన పత్తి, ఇంకోటి దువ్వకుండా నేరుగా గింజ తీసి ఏకిన పత్తి. ఒక్కోదాంట్లోంచి వంద మీటర్ల చొప్పున ఐదు చుట్టలు తీసి, తూచి, కౌంటు (నూలు ఎంత సన్నమో చెప్పే అంకె, అది పెరిగితే నూలు సన్నం) లెక్కగట్టాను. దువ్వినది సన్నగా వచ్చింది, చుట్టకీ చుట్టకీ తేడా కూడా తక్కువ. తూచింది మా ఊళ్లో బంగారం కొట్టు త్రాసు మీద (ఆయన డబ్బులు తీసుకోలేదు గానీ మామ్మ గాజులు ఎన్ని తులాలని రెండుసార్లు అడిగాడు).

నా ఫ్రెండు బీఏ తెలుగు, ఆమదాలవలస అమ్మాయి. తను అదే ఇంట్లో అదే రోజుల్లో ఫోన్‌తో రికార్డు చేసి ఆరు నిమిషాల ఆడియో తయారుచేసింది. విల్లు మోగడం, రాట్నం తిరగడం, మధ్యలో మామ్మ మాటలు. వినడానికి ఎంత బాగుంటుందో. కానీ మా డిపార్టుమెంటులో "ఇది సాయంత్రం కల్చరల్స్‌లో వెయ్యండి, పరిశోధన బల్ల మీద ఎందుకు" అంటున్నారు. తను బాధపడింది. నాకైతే రెండూ ఒకటే పని అనిపిస్తోంది, విడదీస్తే నా దగ్గర పది అంకెలు మిగులుతాయి అంతే.

ఎలా మొదలుపెట్టాలి? తెలుగులో మాట్లాడితే మార్కులు తగ్గిస్తారా? ఆ హాల్లో గోలలో ఆడియో ఎవరికి వినబడుతుంది? ఇంకొకటి, పోయినేడు మా సీనియర్లు పోస్టరు వేయిస్తే తెలుగు అక్షరాల వత్తులన్నీ విడిపోయి వచ్చాయి, ఆ గతి పట్టకుండా ఏం చెయ్యాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.


గంటస్తంభం_దగ్గర:

చెల్లీ, నాది విజయనగరం, పీజీ చేస్తున్నాను. నేను ఎలా చెడగొట్టుకున్నానో చెప్తాను, నువ్వు అది చెయ్యకపోతే చాలు.

రెండేళ్ల కిందట ఒక కాలేజీలో ఇలాంటి ప్రదర్శనకే వెళ్లాను. మా ఊరి చెరువుల్లోకి నీళ్లు వచ్చే కాలవలు ఎక్కడెక్కడ పూడిపోయాయో నేనూ ఇంకొకడూ సైకిళ్ల మీద తిరిగి గీసిన పటం మా ప్రాజెక్టు. పటం బాగా వచ్చింది, నిజంగా. జడ్జిగారు వచ్చి నిలబడగానే నేను "విజయనగరం కోటను 1713లో..." అని ఎత్తుకున్నాను. కోట, రాజులు, చెరువు ఎవరు తవ్వించారు, నీటి ప్రాముఖ్యత, జలమే జీవం... ఇలా పోతూ పోతూ ఉంటే ఆయన వాచీ చూసుకుని "గుడ్ గుడ్" అని పక్క బల్లకి వెళ్లిపోయాడు. పటం మీద నా వేలు ఇంకా పెట్టనే లేదు. ఎండలో తిరిగిన పదిహేను రోజుల కష్టం గురించి ఒక్క ముక్క చెప్పలేదు, చరిత్ర పుస్తకంలో దొరికేదంతా చెప్పాను.

కాబట్టి గాంధీగారితో మొదలెట్టొద్దు. నువ్వు మొదలెడతావు, నాకు తెలుసు, పొందూరు అనగానే అందరూ అక్కణ్ణుంచే మొదలెడతారు. దండం పెడతాను, వద్దు. ఖద్దరు గొప్పదనం కూడా వద్దు. "సర్, ఈ పోగు పట్టుకోండి" అని చేతికివ్వు. రెండు పోగులు, దువ్వినది ఒకటి, దువ్వనిది ఒకటి, నల్ల అట్ట మీద పక్కపక్కన అతికించి పెట్టు, తెల్ల అట్ట మీద కనబడదు. మనిషి చేతిలో ఒక వస్తువు ఉంటే పక్క బల్లకి వెంటనే పోడు, అది తిరిగి ఇచ్చే వరకైనా ఆగుతాడు. చిన్న ట్రిక్కే, కానీ పనిచేస్తుంది.

తెలుగా ఇంగ్లీషా అంటే, ముందు రూల్సు చదువు. ఇంగ్లీషే అని రాసి లేకపోతే తెలుగులో చెప్పు, పోస్టరులో శీర్షిక కింద రెండు మూడు వాక్యాలు ఇంగ్లీషులో పెట్టు, బయటి రాష్ట్రం నుంచి ఎవరైనా వస్తే పనికొస్తుంది. నాలుక తిరగని భాషలో బట్టీపట్టి చెబితే మూడు నిమిషాలు గడుస్తాయి గానీ, ఆ తర్వాత ప్రశ్నల రెండు నిమిషాల్లో దొరికిపోతాం. అది కూడా స్వానుభవమే, ఇంకోసారి రాస్తాను.

మూడు నిమిషాలంటే ఎంతో తెలుసా? ఫోన్‌లో రికార్డు పెట్టుకుని మాట్లాడి చూడు. మొదటిసారి నాకు ఏడు నిమిషాలు వచ్చింది.


ప్రాక్టికల్_బాబు:

అందరూ కవిత్వం చెప్తున్నారు, నేను ఉన్నమాట చెప్తా. ప్రైజు కావాలంటే కదిలే మోడల్ ఉండాలి. మోటారు పెట్టి రాట్నం తిప్పు, నాలుగు ఎల్ఈడీలు పెట్టు, పేరులో ఎక్కడో ఒకచోట ఏఐ అని తగిలించు. మామ్మ, చేప దవడ ఇవన్నీ చూసి జడ్జీలు ముక్కు మూసుకుంటారు. ఆడియో గీడియో ఎవడూ వినడు.


పొందూరు_పిల్ల:

@ప్రాక్టికల్_బాబు, దవడ వాసనేం రాదు, ఎండిపోయి ఎముకలా ఉంటుంది. రాట్నానికి మోటారు పెడితే మా మామ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు.

@గంటస్తంభం_దగ్గర, అన్నా, నా స్క్రిప్టులో మొదటి పేరా నిజంగానే గాంధీగారే. కొట్టేశాను.


అక్షరాల_కొట్టు:

శ్రీకాకుళంలో పదహారేళ్లుగా డీటీపీ, ఫ్లెక్సు పని చేస్తున్నాను. ఆ వత్తుల సంగతి నాకొదిలెయ్యమ్మా, ప్రతి ఏడూ ఈ సీజన్లో నలుగురు స్టూడెంట్లు ఏడుపు మొహాలతో వస్తారు.

జరిగేది ఏంటంటే, మీరు ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో టైపు చేసేది యూనికోడ్, అంటే అన్ని ఫోన్లకీ కంప్యూటర్లకీ అర్థమయ్యే ఒకే కోడు. మా కొట్లలో ఎక్కువమంది ఇప్పటికీ అను ఫాంట్లలో చేస్తారు, పేజ్‌మేకరు మీద అలవాటైన చేతులు. అను వేరే లోకం. మీ మేటరు తీసుకెళ్లి పాత సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే అది తెలుగు అని దానికి తెలియదు, గుడి ఒక పక్కకి, వత్తు ఒక పక్కకి పోతాయి. యూనికోడ్ నుంచి అనుకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, అవి నూటికి తొంభై చోట్ల సరిగ్గానే మారుస్తాయి, మిగిలిన పదీ శీర్షికలోనే వస్తాయి. క్రావడి పోవడం, క్ష విరిగిపోవడం నేను రోజూ చూస్తుంటాను. ఫొటోషాప్‌లో కూడా ఇదే గొడవ, పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో దక్షిణాసియా లిపులకి ఉన్న వరల్డ్ రెడీ ఆప్షను పెట్టకపోతే వత్తులు విడిగా నిలబడతాయి.

అందుకని మేటరు వాట్సాప్‌లో పంపి "అన్నా వేసెయ్" అనకండి. పోస్టరు మీరే తయారుచేసుకోండి. పవర్‌పాయింట్ చాలు. కానీ మొదట స్లైడు సైజు మార్చుకోండి, అన్నీ పెట్టేశాక మారిస్తే మొత్తం సాగిపోతుంది. ఏ1 అయితే 594 మిల్లీమీటర్ల వెడల్పు, 841 ఎత్తు. అయ్యాక పీడీఎఫ్‌గా సేవ్ చేసి, ఆ పీడీఎఫ్‌ని వేరేవాళ్ల కంప్యూటర్‌లో, ఆ ఫాంటు లేని దాంట్లో తెరిచి చూడండి. అక్కడ సరిగ్గా కనబడితే మా దగ్గరా సరిగ్గా వస్తుంది. వాట్సాప్‌లో పంపితే ఫొటోగా కాదు, డాక్యుమెంటుగా పంపాలి, ఫొటోగా పంపితే అది నలిపేస్తుంది.

ఫాంటు: చదివే మేటరుకి మండలి బాగుంటుంది, నిండుగా ఉంటుంది. గిడుగు, గురజాడ అని మన జిల్లాల పెద్దల పేర్లతోనే ఫాంట్లు ఉన్నాయి, ఉచితం, కానీ అవి శీర్షికకే వాడండి. మనిషి నాలుగైదు అడుగుల దూరంలో నిలబడి చదువుతాడు. ఇంగ్లీషుకి 24 పాయింట్లు సరిపోతే తెలుగుకి 30 పెట్టండి, కింద వత్తులకీ పైన గుడులకీ చోటు కావాలి, లైనుకీ లైనుకీ మధ్య ఎడం కూడా పెంచండి. ఇలా పెడితే మేటరు పట్టదు అంటారు. పట్టకపోతే తగ్గించండి.

ఫ్లెక్సు వద్దు, ట్యూబులైటు కింద మెరుస్తుంది, ఒక పక్క నుంచి చూస్తే అద్దంలా ఉంటుంది. మ్యాట్ వినైల్ (మెరవని రకం) వేయించి సన్‌బోర్డు అనే గట్టి అట్ట మీద అతికించుకుంటే నిలబడుతుంది, కొంచెం ఖర్చు. ఇంకో మాట, తెల్ల నూలు ఫొటో బల్బు కింద తీస్తే పచ్చగా వస్తుంది, పొద్దున వీధి అరుగు మీద నీడలో తియ్యి. రాత్రి తెచ్చి పొద్దున్నే కావాలి అంటే మాత్రం నా దగ్గరకి రావద్దు, డే అండ్ నైట్ జంక్షన్ పేరే గానీ నా కొట్టు తొమ్మిదింటికి కట్టేస్తాను.


త్రాసు_మాస్టారు:

బొబ్బిలి దగ్గర కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. ఇలాంటి ప్రదర్శనలకి జడ్జిగా కూడా చాలాసార్లు వెళ్లాను కాబట్టి ఆ కుర్చీలోంచి మాట్లాడతాను. అమ్మా, నీ పని నాకు నచ్చింది, అందుకే కొంచెం గట్టిగా అడుగుతాను, ఏమీ అనుకోకు.

మొదట త్రాసు. పత్తి నూలు కౌంటంటే ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు, అంటే నూలు కట్టలు, ఎన్ని వస్తే అంత. మన కొలతల్లోకి మారిస్తే, వంద మీటర్ల బరువు గ్రాముల్లో తీసుకుని 59.05ని దాంతో భాగిస్తే కౌంటు వస్తుంది. వంద కౌంటు నూలు వంద మీటర్లు తూగేది 0.59 గ్రాము. బంగారం కొట్టు త్రాసు సాధారణంగా గ్రాములో నూరో వంతు వరకే చూపిస్తుంది. 0.59 కాస్తా 0.60 చూపిస్తే నీ కౌంటు 100 నుంచి 98కి పడిపోతుంది. అంటే ఒకటి రెండు కౌంట్ల తేడా నూలుది కాదు, త్రాసుది. మీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో మిల్లీగ్రాము చూపించే బ్యాలెన్సు ఉంటుంది, అడిగి అక్కడ మళ్లీ తూచు. ఆ పది చుట్టలూ దాచావనే అనుకుంటున్నాను.

రెండోది గాలిలో తేమ. పత్తి నీటిని పీల్చుకుంటుంది. దాని బరువు లెక్కల్లో తేమ వంతుగా 8.5 శాతం కలుపుకుంటారు. మిల్లుల ల్యాబుల్లో అందుకే 27 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్న గదిలో ఉంచి తూస్తారు. మన దగ్గర అలాంటి గది ఎక్కడిది? వాన రోజున దువ్వని నూలు, ఎండ రోజున దువ్విన నూలు తూస్తే నీకు వచ్చిన తేడాలో వాతావరణం వంతు ఎంతో నువ్వు చెప్పలేవు. ఒకే రోజు, ఒకే గంటలో, ఒకటి ఇది ఒకటి అది మార్చిమార్చి తూచు. అది చాలు.

వంద మీటర్లు దేని మీద చుట్టావు? చెక్క చట్రం అయితే చుట్టు మీద చుట్టు ఎక్కేకొద్దీ చుట్టుకొలత పెరుగుతుంది, లాగి చుడితే పోగు సాగుతుంది. దీనికి పెద్దగా చేయగలిగింది లేదు గానీ, జడ్జి అడిగేలోపు నువ్వే చెప్పెయ్యి.

అసలు ప్రశ్న ఇప్పుడు. "వాలుగ దవడ వల్ల నూలు సన్నగా వస్తుంది" అని పోస్టరు మీద రాయబోతున్నావు కదా? రాయొద్దు. నీ దగ్గర ఉన్నది ఒక మామ్మ, ఒక్కో రకానికి ఒకే విడత పత్తి. "మా మామ్మ చేతిలో, ఈ రెండు విడతల్లో, దువ్విన పత్తి నూలు సన్నగా వచ్చింది" అని రాయి. పైగా మామ్మకి ఏది ఏ పత్తో తెలుసు. దువ్వని పత్తి ఎలాగూ ముతకే అనుకుని చెయ్యి తెలియకుండానే లావుగా లాగి ఉండొచ్చు కదా? ఆవిడకి చెప్పకుండా ఏకులు ఇచ్చి వడికించి చూడు.

జడ్జీలు అందరూ అడిగే ప్రశ్న ఒకటి ఉంది, "దీనివల్ల ఉపయోగం ఏమిటి?" అని. దానికి "ప్రభుత్వం ఆదుకోవాలి" అని మాత్రం చెప్పకమ్మా. ప్రతి బల్ల దగ్గరా అదే వింటాం.

ఆకట్టుకోవడానికి ఒక చిట్కా కావాలంటే, వంద కౌంటు నూలు కిలోమీటరు పొడవు తూగేది ఆరు గ్రాముల లోపు. పసుపురంగు ఐదు రూపాయల బిళ్లల్లో 2011 రకానిది సరిగ్గా ఆరు గ్రాములు. బల్ల మీద ఒక చిలపా, పక్కన ఒక బిళ్లా పెట్టు. 2019 తర్వాత వచ్చిన బిళ్ల బరువెక్కువ, చూసి పెట్టు. ఏదైనా సరే బల్ల మీద పెట్టేది నువ్వు తూచినదే అయ్యుండాలి.


పొందూరు_పిల్ల:

మాస్టారూ నమస్కారం. మీరు చెప్పినట్టే నిన్న చేశాను, ఏం జరిగిందో వినండి.

ఏకులు రెండు రకాలూ ఒకేలాంటి అరటి డొప్పల్లో పెట్టి, లోపల గుర్తు రాసి, ఏది ఏదో చెప్పకుండా ఇచ్చాను. మామ్మ మొదటిదాని కొస పట్టుకుని రెండు వేళ్లతో ఇలా నలిపింది, రాట్నం ఇంకా తిప్పనే లేదు, "ఇది దువ్వని పత్తి కాదేటే? నాకు తెల్దనుకున్నావేటి" అంది. మళ్లీ కలిపి ఇచ్చాను. మళ్లీ చెప్పేసింది. ఎనిమిది సార్లు ఇస్తే ఎనిమిది సార్లూ సరిగ్గా చెప్పింది, ఆఖర్న కళ్లు కూడా మూసుకుంది. పక్కింటి పిన్నిగారికి ఇస్తే ఆవిడా అంతే, ఒక్కటి తప్ప. నాకు ఇస్తే సగం తప్పు. పొందూరులో పుట్టినదాన్ని, సిగ్గేసింది.

అంటే చెప్పకుండా వడికించడం కుదరదు. నా ప్రయోగం పోయినట్టేనా సర్?

ల్యాబులో తూచడానికి సోమవారం రమ్మన్నారు. చుట్టలు దాచాను, ఒకటి మాత్రం మా తమ్ముడు గాలిపటానికి కట్టబోయాడు, దొరికింది.


త్రాసు_మాస్టారు:

పోవడం ఏమిటమ్మా! ఇది పోస్టరు మధ్యలో పెట్టు, కౌంటు పట్టిక పక్కకి జరుపు. ఊరికే ఊహించి చెబితే ఎనిమిదికి ఎనిమిది సరిగ్గా రావాలంటే 256లో ఒక వంతు అవకాశం. ఆవిడ వేళ్లు నీ త్రాసు కంటే ముందు చెప్పేశాయి. చెప్పకుండా వడికించాలని చూశాం, ఇందుకని కుదరలేదు అని ఉన్నది ఉన్నట్టు రాయి. నేను జడ్జినైతే ఈ బల్ల దగ్గరే ఐదు నిమిషాలూ అయిపోతాయి.

వచ్చినవాళ్ల చేతికి కూడా ఆ రెండు ఏకులూ ఇచ్చి ఏది ఏదో చెప్పమను. జడ్జీలతో సహా.


చెవి_ఒగ్గి:

నేను ఆడియో గురించి మాత్రమే చెప్తాను. తప్పెటగుళ్లు, జముకుల కథ చెప్పేవాళ్లని పాలకొండ, పార్వతీపురం వైపు తిరిగి రికార్డు చేస్తుంటాను, ఉద్యోగం వేరే.

అమ్మాయిలూ, హాల్లో స్పీకరు పెట్టొద్దు. పక్క బల్ల వాడు కూడా పెడతాడు, ఇంకొకడు మోటారు తిప్పుతాడు (బాబుగారు ఏమీ అనుకోవద్దు). వైరున్న హెడ్‌ఫోన్లు రెండు, ఆ రెండూ ఒకే ఫోనుకి తగిలించే స్ప్లిటరు ఒకటి, పాత ఫోను ఒకటి ఏరోప్లేన్ మోడ్‌లో. చెవుల్లోకి దూర్చేవి వద్దు, చెవి మీద కూర్చునేవి తీసుకోండి, తుడవడానికి గుడ్డ దగ్గర పెట్టుకోండి. క్యూఆర్ కోడ్ పెడతామంటారు, పెట్టండి, కానీ దాని మీదే ఆధారపడితే ఆ రోజు నెట్ చచ్చిపోతుంది, రాసిపెట్టుకోండి. ఆరు నిమిషాలు ఎవరూ నిలబడి వినరు. పూర్తిది అలాగే ఉంచి, అందులోంచి నలభై సెకన్లు విడిగా కోయండి. మాట లేకుండా విల్లు మోగేది ఒక పది సెకన్లు, తర్వాత మామ్మ మాట. ఇప్పుడు ఆ "నాకు తెల్దనుకున్నావేటి" రికార్డు అయిందా? అయితే మీ ఆడియో అదే.

కాకపోతే ఆ మాటలు కాయితం మీద ఎలా రాస్తారు? మీ డిపార్టుమెంటులో ఎవరో ఒకరు "తెలియదనుకున్నావా" అని దిద్దుతారు. దిద్దనివ్వొద్దు. వ్యావహారిక భాష కోసం వాదించిన గిడుగు రామమూర్తిగారు పుట్టింది ఎక్కడ? శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, 1863 ఆగస్టు 29న. ఆ తారీఖునే మనం తెలుగు భాషా దినోత్సవం అని మైకులు పెట్టి గ్రాంథికంలో ఉపన్యాసాలిస్తాం. ఆయన పర్లాకిమిడిలో ఉంటూ అక్కడి గిరిజనులైన సవరల భాష నేర్చుకుని, వాళ్లు పలికింది పలికినట్టు రాసుకుని, ఆ భాషకి నిఘంటువూ వ్యాకరణమూ చేశాడు. కల్చరల్స్‌లో వేసుకోమన్నవాళ్లతో గొడవొద్దు, ఈ ఒక్క సంగతి నెమ్మదిగా చెప్పండి. మనిషి నోటి మాటని ఉన్నది ఉన్నట్టు పట్టుకోవడం, ఎప్పుడు ఎక్కడ ఎవరు అన్నారో రాసిపెట్టడం పరిశోధన కాదంటే ఆయన చేసింది కూడా సాయంత్రం ప్రోగ్రామే అవుతుంది.

ఇంకొక్కటి, ఇది ముఖ్యం. మీ కమ్యూనిటీ సర్వీస్ నోట్సులో మిగతా ఆడవాళ్లు చెప్పినవి ఉంటాయి. కూలి ఎంతొస్తుంది, ఎవరు సరిగ్గా ఇవ్వరు, ఇంట్లో ఎవరు తాగుతారు. తెలిసిన పిల్లవి కదా అని చెప్పి ఉంటారు, హాల్లో గోడ మీద పెడతావని కాదు. మళ్లీ వెళ్లి, ఇది కాలేజీలో పెడుతున్నాం పిన్నీ, పెట్టొచ్చా అని అడగండి. వద్దంటే తీసెయ్యండి. ఫొటోల్లో మొహాలు అక్కర్లేదు, చేతులు చాలు, ఈ పనికి చేతులే కదా.


పొందూరు_పిల్ల:

ఆ మాట రికార్డు అవ్వలేదు! నా ఫ్రెండు ఆ రోజు రాలేదు. మామ్మని మళ్లీ అనమంటే "ఏటనాల?" అని నవ్వుతోంది, నటించమంటే రావట్లేదు. ఇంకోసారి ఏకులు ఇచ్చి, ఫోను పక్కన పెట్టి చూస్తాం.

నోట్సు విషయం మీరన్నది నిజమే అండీ. ఒకావిడ కూలి లెక్క చెప్పి, మర్నాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చి "ఆ ముక్క రాయకమ్మా" అంది. ముగ్గురిది తీసేస్తున్నాను. ఆ పట్టిక చిన్నదైపోయింది, పర్లేదు.


పొందూరు_పిల్ల:

నిన్న అయిపోయింది. చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను, ఇంకా అలసటగానే ఉంది.

ప్రైజు రాలేదు. మొదటి బహుమతి కదిలే మోడల్‌కే వచ్చింది, బాబుగారు కాలర్ ఎగరేసుకోవచ్చు. కానీ మా బల్ల దగ్గర రోజంతా జనమే. ఏకుల ఆట పెట్టాం కదా, మా ప్రిన్సిపాల్ గారు మూడుసార్లు ప్రయత్నించి మూడుసార్లూ తప్పు చెప్పారు. ఇద్దరు జడ్జీల్లో ఒకరు హెడ్‌ఫోను పెట్టుకుని నలభై సెకన్లది విని, "మొత్తం ఉందా" అని అడిగి ఆరు నిమిషాలూ విన్నారు, పక్కాయన ముందుకి వెళ్లిపోయినా సరే. ఆయన తీసేశాక నా ఫ్రెండు మొహం చూడాలి మీరు.

నేను "ఈ పోగు పట్టుకోండి సర్" దాకా బాగానే చెప్పాను, తర్వాత గొంతు ఆరిపోయింది. ఒక చోట మీటర్లు అనబోయి కిలోలు అన్నాను. ల్యాబులో తూస్తే దువ్విన నూలు చుట్టలు 0.6 గ్రాముకి కొంచెం అటూ ఇటూ, దువ్వనివి 0.7 దగ్గర వచ్చాయి, అది పట్టిక వేశాం. "ఉపయోగం ఏమిటి" అని అడిగారు, మాస్టారూ. అప్పటికప్పుడు "దువ్వడానికే ఎక్కువ టైము పడుతోంది, ఆ టైముకి నూలులో ఏం మారుతోందో ఎవరైనా అడిగితే చెప్పడానికి మా దగ్గర ఒక కొలత ఉంది" అన్నాను. ఆయన రాసుకున్నారు. ఏం రాసుకున్నారో తెలియదు.

మామ్మని తీసుకొచ్చాం. మధ్యాహ్నం వరకూ కుర్చీలో కూర్చుని, పోస్టరు మీద తన చేతుల ఫొటో చూసి, "గోళ్లు తీసుకునేదాన్ని గదే, ముందే చెప్తే" అంది. పోస్టరు మీద వత్తులన్నీ ఉన్నాయి. అక్షరాల కొట్టు అన్నకి థాంక్స్, తొమ్మిదింటికి పది నిమిషాల ముందు చేరాం.


ఇత్తడి_బుడితి:

అక్కా, మాది బుడితి. మా నాన్న ఇత్తడి పని చేస్తారు, మట్టి మూస, మైనం, పోత అన్నీ ఇంట్లోనే. మా కాలేజీలో కూడా జనవరిలో ఇలాంటిది ఉందంటున్నారు. మీ పోస్టరు ఫైలు పెడతారా, సైజులు చూసుకుంటాను. మేటరు కాపీ కొట్టను, ఒట్టు.


పొందూరు_పిల్ల:

పెడతాను తమ్ముడూ, ల్యాప్‌టాప్ మా బావది, ఆదివారం వస్తాడు. ఈలోపు పోత పోసేటప్పుడు శబ్దం ఏమైనా వస్తుందా చూడు, వస్తే ఫోను దూరంగా పెట్టి రికార్డు చెయ్యి, వేడికి దగ్గర పెట్టకు. నాన్నగారిని అడిగే చెయ్యి.